చుక్కలూ ఖాళీలూ: వన్యప్రాణుల డిజిటల్ పటాలపై చర్చ ఎక్కడిదాకా వచ్చింది

వన్యప్రాణుల విస్తరణ పటానికి పునాది ఒక్కొక్క నమోదు. ఏ జీవి, ఏ చోట, ఏ రోజున, ఎవరి కంటపడింది అన్న నాలుగు సంగతులూ ఉంటేనే అది నమోదు కింద లెక్క. అలాంటివాటిని లక్షలకొద్దీ పోగుచేసి, అక్షాంశ రేఖాంశాల ప్రకారం తెర మీద పరిచి, కావలసిన జీవినీ కావలసిన ఏడాదినీ ఎంచుకుని జిల్లా నుంచి చెరువుగట్టు దాకా దగ్గరగా చూసుకునే వీలు కల్పించేదే డిజిటల్ పటం. ఈబర్డ్, ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా మన దేశంలో బాగా వాడుకలో ఉన్నవి. ఇలా అనేక వేదికల్లో పోగైన సమాచారాన్ని ప్రపంచవ్యాప్తంగా ఒకచోట చేర్చే భాండాగారం జీబిఫ్.

పాతికేళ్ళ కిందట మ్యూజియం బీరువాల్లో, పరిశోధకుల నోటుపుస్తకాల్లో ఉన్న ఈ సమాచారం ఇప్పుడు ఫోను ఉన్న ప్రతివారికీ అందుతోంది. అటవీశాఖ అధికారి, గనికి పర్యావరణ నివేదిక రాసే కన్సల్టెంటు, కాలేజీ విద్యార్థి, జీవుల్ని పట్టి అమ్ముకునే దళారీ చూసేది ఒకే పటం. దాంతో మూడు ప్రశ్నలు రేగాయి. పటంలో కనిపించేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఎంతవరకు చూపవచ్చు? ఆ సమాచారం ఎవరిది? ఈ మూడింటికీ వేర్వేరు చరిత్రలు, వేర్వేరు పక్షాలు ఉన్నాయి. వాదనల్లో మాత్రం ఇవి తరచూ కలగలిసిపోతుంటాయి. నమ్మకం గురించి అడిగితే గోప్యత గురించి జవాబు వస్తుంది. అందుకే వీటిని విడదీసి చూడడం అవసరం.

కాగితపు గళ్ళ నుంచి తెర మీదికి

గళ్ళ పటం పద్ధతికి గట్టి రూపం ఇచ్చింది బ్రిటన్ వృక్షశాస్త్రవేత్తలు. 1954లో మొదలైన వారి సర్వే 1962లో ఫ్రాంక్లిన్ పెరింగ్, మ్యాక్స్ వాల్టర్స్ సంపాదకత్వంలో ‘అట్లాస్ ఆఫ్ ది బ్రిటిష్ ఫ్లోరా’గా వెలువడింది. దేశాన్ని 10 కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి, ఆ గడిలో ఎక్కడైనా మొక్క దొరికితే ఒక చుక్క పెట్టారు. సమాచారాన్ని రంధ్రాల కార్డుల మీదికి ఎక్కించి యంత్రాలతో పటాలు గీయించారు. ఆ కార్డులే 1964లో మాంక్స్ వుడ్‌లో ఏర్పడిన బయలాజికల్ రికార్డ్స్ సెంటర్‌కు తొలి నిధి. బ్రిటన్‌లోని స్థానిక రికార్డు కేంద్రాల, ప్రకృతి సంఘాల సమాచారంలో చాలా భాగం 2017 నుంచి ఎన్‌బీఎన్ అట్లాస్ అనే వేదిక మీద కనిపిస్తోంది.

భారతదేశంలో నమోదుల చరిత్ర అంతకంటే పాతది, అంతకంటే చెదిరినది కూడా. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డన్ వంటివారు, 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ, తాము చూసినవీ సేకరించినవీ ఊరి పేరుతో రాసిపెట్టారు. ‘ఫలానా మజిలీ దగ్గర’ అన్నదే అప్పటి చిరునామా. ఇవాళ వాటిని పటం మీదికి ఎక్కించాలంటే ఆ ఊరు ఏదో, ఆ పేరుగల ఊళ్ళలో ఏ ఒక్కటో, అక్కడి నుంచి ఎంత దూరంలో చూసి ఉంటారో అంచనా కట్టాలి. కొన్ని ఊళ్ళు ఇప్పుడు జలాశయాల అడుగున ఉన్నాయి.

తెర మీది పటాల కాలం 2001లో జీబిఫ్, 2002లో ఈబర్డ్ ప్రారంభంతో మొదలైందనుకోవచ్చు. 2008లో ఐనాచురలిస్ట్, అదే ఏడాది డిసెంబరులో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, 2010లో బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వచ్చాయి. మన పక్షి వీక్షకులు ఈబర్డ్ వైపు పెద్దఎత్తున మళ్ళింది 2013, 2014 సంవత్సరాల తర్వాత. ఆ ఊపు ఎంతటిదో రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2020 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికకు ఆధారం కోటి నమోదులు. 2023 నివేదికకు మూడు కోట్లు. ఆ మూడు కోట్లనూ సమకూర్చింది 30 వేలకు పైగా పక్షి వీక్షకులు, వారిలో అత్యధికులు జీతం లేకుండా పనిచేసినవారు.

పటాలన్నీ ఒక రకానివి కావు

చర్చ చిక్కుపడడానికి ఒక కారణం, నాలుగు వేర్వేరు వస్తువుల్ని ఒకే పేరుతో పిలవడం. చుక్కల పటం ఒక్కొక్క నమోదునూ అది జరిగిన చోట చూపుతుంది. గళ్ళ పటం చుక్కల్ని చతురస్రాల్లోకి కుదిస్తుంది. నిపుణుల సరిహద్దు పటం, అంటే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాలో కనిపించే రంగు పులిమిన ప్రాంతం, ఆ జీవి ఉండగల హద్దుల్ని గీస్తుంది. నమూనా పటం తెలిసిన చోట్ల వాన, ఎత్తు, చెట్టుచేమ వివరాలు తీసుకుని, ఎవరూ వెళ్ళని చోట్ల కూడా ఆ జీవి ఉండే అవకాశాన్ని లెక్కగడుతుంది. మొదటిది సాక్ష్యం. రెండోది సంక్షేపం. మూడోది అభిప్రాయం. నాలుగోది ఊహ, కాకపోతే లెక్క గట్టిన ఊహ.

ఈ తేడా ఎంత ముఖ్యమో కలివికోడి కథ చెబుతుంది. జెర్డన్ కనుగొన్న ఈ పక్షిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. తర్వాత నెల్లూరు, కడప, భద్రాచలం, సిరోంచ ప్రాంతాల నుంచీ, 1900లో అనంతపురం వైపు నుంచీ నమోదులు వచ్చాయి. ఆ తర్వాత 86 ఏళ్ళ పాటు ఆచూకీ లేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానికుల సాయంతో కడప జిల్లాలో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. 2013లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది.

ఇప్పుడు ఈ నమోదులన్నీ చుక్కలుగా పెడితే పెన్నా, గోదావరి లోయలు, కోలార్ పీఠభూమి అంతటా పక్షి ఉన్నట్టు కనిపిస్తుంది. 1986 తర్వాతి చుక్కలే ఉంచితే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చుట్టుపక్కల కాసింత పొదల అడవి మిగులుతుంది. ఆ పొదల లక్షణాల ఆధారంగా నమూనా పటం గీస్తే రాయలసీమలో మరెన్నోచోట్ల వెతకదగిన ప్రదేశాలు తేలుతాయి. మూడూ అబద్ధాలు కావు, మూడూ చెప్పేది ఒకటే కాదు. తేదీల జల్లెడ లేకుండా చూపే పటం పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. చాలా పటాల్లో ఆ జల్లెడ ఉంది. దాన్ని వాడాలన్న సంగతి చూసేవారికి తెలియకపోవడమే ఇబ్బంది.

ఖాళీ గడి ఏం చెబుతుంది

మొత్తం చర్చలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇది. పటంలో చుక్క ఉంటే అక్కడ ఎవరో ఏదో చూశారని అర్థం. చుక్క లేకపోతే మాత్రం రెండు అర్థాలు. వెతికినా కనబడలేదు, లేదా ఎవరూ వెతకలేదు. ఈ రెంటికీ నడుమ దూరం చాలా ఉంది.

ఈబర్డ్ పటం ఈ తేడాను రంగుతో చూపే ప్రయత్నం చేస్తుంది. ఒక పక్షి పేరు ఇస్తే అది తరచూ కనిపించే గళ్ళు ముదురు ఊదారంగులో, అరుదుగా కనిపించేవి లేత ఊదారంగులో వస్తాయి. వీక్షకులు వెళ్ళి జాబితాలు రాసినా ఆ పక్షి కనబడని గళ్ళు బూడిదరంగులో ఉంటాయి. ఎవరూ వెళ్ళనివి రంగే లేకుండా వదిలేసి ఉంటాయి. ఇంకా దగ్గరికి వెళితే గళ్ళు పోయి గుండుసూదుల్లాంటి గుర్తులు వస్తాయి. గత 30 రోజుల్లో చూసినవి ఎరుపు, అంతకు ముందువి నీలం. బూడిదరంగు గడికీ రంగులేని గడికీ ఉన్న తేడాను గమనించగలగడమే ఈ పటాన్ని చదవడంలో మొదటి మెట్టు. ఆ బూడిదరంగు వెనక ఉన్నది ‘పూర్తి జాబితా’ అనే నియమం. చూసిన ప్రతి జాతినీ రాశానని వీక్షకుడు ప్రకటిస్తేనే, రాయనిది కనబడలేదని భావించే వీలుంటుంది. ఒక్కొక్క ఫొటోగా నమోదులు చేరే ఐనాచురలిస్ట్ వంటి వేదికల్లో ఇలాంటి వెసులుబాటు లేదు.

అయితే నియమం ఎంత మంచిదైనా మనుషులు వెళ్ళే చోట్లు సమానంగా ఉండవు. హైదరాబాదు శివారులో, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మీద గుర్తులు కిక్కిరిసి ఉంటాయి. నల్లమల లోపలి గుట్టల మీద అవి పలచబడిపోతాయి. నమోదులు దారుల వెంట, చెరువుల చుట్టూ, ఊళ్ళకు దగ్గరగా, సెలవు రోజుల్లో, చలికాలంలో పేరుకుంటాయి. చుక్కల సాంద్రతను చూసి జీవవైవిధ్యం ఎక్కువని తేల్చలేం, అది కొంతవరకు పక్షుల పటం, కొంతవరకు పక్షి వీక్షకుల పటం.

దీనికి విరుగుడుగా రెండు దారులు ఉన్నాయి. గణాంక పక్షం వారు, వచ్చిన సమాచారాన్ని వచ్చినట్టే తీసుకుని, ఎంతసేపు వెతికారు, ఎంత దూరం నడిచారు, ఏ వేళ అన్న వివరాలతో లెక్కలో సర్దుబాటు చేయవచ్చంటారు. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదికలు ఈ దారిలో నడిచినవే. అట్లాస్ పక్షం వారు, తర్వాత లెక్కలతో కుస్తీ పట్టేకన్నా మొదటే పద్ధతిగా వెళ్ళాలంటారు. ప్రాంతాన్ని గళ్ళుగా విడగొట్టి, ఏ గళ్ళలోకి వెళ్ళాలో ముందే నిర్ణయించి, ప్రతి గడిలో ఒకే కొలత ప్రకారం వెతకడం వారి విధానం. 2015 నుంచి 2020 దాకా సాగిన కేరళ బర్డ్ అట్లాస్ దీనికి గొప్ప నిదర్శనం. వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా పాల్గొని, 361 జాతుల మీద మూడు లక్షలకు మించి నమోదులు సమకూర్చారు. ఒక రాష్ట్రం మొత్తాన్ని ఇలా జల్లెడ పట్టడం మామూలు సంగతి కాదు. అంతకు ముందు మైసూరు నగరం చిన్న ఎత్తున ఇదే పని చేసింది. 2025లో హైదరాబాదులోనూ అట్లాస్ సర్వే మొదలైంది.

రెండు దారుల్లో అట్లాస్ పద్ధతి నమ్మకంగా ఉంటుంది, కానీ ఖర్చూ శ్రమా ఎక్కువ, పదేళ్ళకోసారి తిరగరాయాలి. గణాంక పద్ధతి చవక, ఏటా కొత్తది వస్తుంది, కానీ మనుషులు అసలు కాలుపెట్టని చోట్ల దాని సర్దుబాట్లకు పట్టు దొరకదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెనకబడిన జిల్లాల ఖాళీలు గణాంకంతో పూడేవి కావు. అక్కడ ఎవరో ఒకరు నడవాల్సిందే.

ఈ ఖాళీ కేవలం కాగితం మీది సమస్య కాదు. ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ అంచనాలో సాధారణంగా చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని జంతుజాలాన్ని జాబితాగా ఇవ్వాలి. ఆ జాబితా తయారుచేసేవారు బహిరంగ పటంలో చుక్కలు లేవని చూసి ‘అరుదైన జాతులు లేవు’ అని రాస్తే, ఎవరూ వెళ్ళని కొండ జీవాలు లేని కొండ అయిపోతుంది. ఏ పటమూ ఆ అర్థంతో వాడడానికి తయారు కాలేదు. ఈ విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం లేదు. అయినా పటం తెరిచిన వెంటనే కనబడేలా, ‘ఇక్కడ వెతకలేదు’ అన్న మాట చాలా వేదికల మీద కనిపించదు. రూపకర్తలు అందాన్ని తగ్గించి అయినా ఆ మాటను తెర మీదికి తేవాలి.

పటం న్యాయస్థానం దాకా వెళితే ఏమవుతుందో బట్టమేక పిట్ట వ్యవహారంలో తెలిసింది. ఈ పక్షి రక్షణ కోసం 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, రాజస్థాన్, గుజరాత్‌లలో దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్ల మేర విద్యుత్ తీగలపై ఆంక్షలు పెట్టింది. అందులో పక్షి ఇప్పుడు తిరిగే ప్రాధాన్య ప్రాంతమూ ఉంది, ఉండే అవకాశం ఉన్న ప్రాంతమూ ఉంది. 2024 మార్చిలో అదే న్యాయస్థానం ఆ విస్తృత ఆంక్షను సడలించి, ప్రాధాన్య ప్రాంతం మీద దృష్టిపెట్టమని నిపుణుల కమిటీకి అప్పగించింది. వేల కోట్ల పెట్టుబడులు ఒక వైపు, అంతరించే దశలో ఉన్న పక్షి మరో వైపు ఉన్నప్పుడు, పటంలో గీత ఎక్కడ గీశారన్నదే వ్యాజ్యమైంది. ఇదే పక్షి కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యం మీద పాత చుక్కలు ఎన్నో ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాలకు జల్లెడ పడితే అవి దాదాపు మాయమవుతాయి.

నమోదు నిజమేనా

సరైన జీవినే చూశారా, చెప్పిన చోటే చూశారా అన్నవి విడివిడి ప్రశ్నలు. మొదటిదాని మీద చర్చ ఎక్కువ జరిగింది, రెండోదాని మీద తక్కువ.

జీవి గుర్తింపులో మూడు పద్ధతులు నిలదొక్కుకున్నాయి. ఈబర్డ్‌లో ఆ ప్రాంతానికీ ఆ నెలకూ మామూలు కాని పక్షి పేరో సంఖ్యో రాస్తే కంప్యూటరు ఆపి ప్రశ్నిస్తుంది. ఆపైన స్థానిక సమీక్షకుడు వివరాలు అడుగుతాడు. ఐనాచురలిస్ట్ జనాభిప్రాయం మీద నడుస్తుంది. ఫొటోకో శబ్దానికో కనీసం ఇద్దరు ఒకే పేరు చెప్పి, అభిప్రాయం చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఏకీభవిస్తే ‘పరిశోధన స్థాయి’ దక్కుతుంది. బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియాలో నిపుణులు ఫొటోను పరిశీలించాకే నమోదు పటం ఎక్కుతుంది. మొదటిది వేగానికీ జాగ్రత్తకూ నడిమి దారి. రెండోది అన్ని జీవులకూ తలుపు తెరిచింది, కానీ పురుగుల్లో, గడ్డిజాతుల్లో ఒకరి పొరపాటును మరొకరు ఖాయం చేసే ప్రమాదం ఉంది. మూడోది అత్యంత నమ్మకమైనది, కొద్దిమంది నిపుణుల తీరిక మీద ఆధారపడినది.

చోటు విషయంలో తప్పులు నిశ్శబ్దంగా దూరుతాయి. మూడు కిలోమీటర్లు నడిచి రాసిన జాబితా పటం మీద ఒకే గుర్తుగా నిలుస్తుంది. కొండ మీద చూసిన పిట్ట, కింద చెరువు దగ్గరి ప్రసిద్ధ వీక్షణ స్థలం పేరుతో నమోదవుతుంది. మ్యూజియంలోని పాత సేకరణల మీద ‘భారతదేశం’ అని మాత్రమే రాసి ఉంటే కొన్నిసార్లు దేశం నడిమి బిందువును ఇచ్చేస్తారు, ఆ బిందువు మీద సముద్ర జీవులూ హిమాలయపు మొక్కలూ పోగుపడతాయి. అక్షాంశం, రేఖాంశం సున్నాగా నమోదైనవి ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రంలో తేలుతుంటాయి. నమోదుతోపాటు ‘ఇన్ని మీటర్ల తేడా ఉండవచ్చు’ అని రాసే గడి అన్ని వేదికల్లోనూ ఉండాలని పటాల నిపుణులు పట్టుబడుతున్నారు. ఉన్నచోట కూడా చాలామంది దాన్ని నింపరు.

చోటు నిజమైనా పటం తప్పుదారి పట్టించవచ్చని గుత్తి సాలీడు చాటుతుంది. నీలిరంగులో మెరిసే ఈ పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వర్ణించాడు. అతను వర్ణించిన సాలీడు దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. శాస్త్రం ప్రకారం గుత్తే దాని తొలి చిరునామా, అందులో పొరపాటు లేదు. కానీ ఆ సాలీడు నివాసం గుత్తి కాదు. అడవి నుంచి వచ్చిన దుంగలతో అది రైలెక్కి వచ్చిందన్నదే నమ్మదగిన వివరణ. శతాబ్దం తర్వాత, 2001లో, అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది మళ్ళీ కనిపించింది. గుత్తి దగ్గరి చుక్కను ఆధారంగా తీసుకుని వాన, ఎత్తు లెక్కలతో నమూనా పటం గీస్తే, ఆ సాలీడుకు పనికిరాని మెట్టభూమి అంతా దాని ఇల్లయిపోతుంది.

చూపాలా, దాచాలా

2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక లేఖ ఈ తగవును అందరి దృష్టికీ తెచ్చింది. చైనాలో 1999లో కొత్తగా వర్ణించిన ఒక గుహబల్లి, వర్ణన అచ్చయిన కొద్దికాలానికే పెంపుడు జీవుల వ్యాపారులకు చిక్కి, తొలిసారి దొరికిన చోట లేకుండాపోయిందని అందులో ఉంది. శాస్త్రవ్యాసమే వేటగాడికి దారి చూపింది. 2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డేవిడ్ లిండెన్‌మేయర్, బెన్ షీల్ అదే పత్రికలో ‘ప్రచురించవద్దు’ అన్న శీర్షికతో, అరుదైన జీవుల కచ్చితమైన చోట్లను వెల్లడించడం మానాలని వాదించారు. కొద్ది వారాలకే ఆస్ట్రేలియాకే చెందిన మరికొందరు ‘బాధ్యతతో బాహాటంగా ప్రచురించండి’ అని జవాబిచ్చారు. దాచిన సమాచారాన్ని కాపాడేవారు కూడా చూడలేరన్నది వారి మాట. 2018లో అయేషా టులోక్ బృందం, ప్రతి జాతికీ ముప్పు ఏమిటి, వెల్లడి ఆ ముప్పును పెంచుతుందా, లాభం దాన్ని మించుతుందా అన్న ప్రశ్నల వరుసతో నిర్ణయానికి వచ్చే పద్ధతిని ప్రతిపాదించింది.

వేదికలు మధ్యేమార్గాలు పట్టాయి. ఈబర్డ్ 2017 నవంబరు నుంచి ఎంపిక చేసిన సున్నిత జాతులను 20 కిలోమీటర్ల గడి స్థాయిలోనే చూపుతోంది. ఐనాచురలిస్ట్, ముప్పు ఉన్న జాతుల నమోదును అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోటికి జరిపి చూపుతుంది. అదే వ్యక్తి అదే రోజు ఉంచిన మామూలు పక్షుల నమోదులు చూసి అసలు చోటును ఊహించే వీలుందని తేలాక, దాచిన నమోదుల పూర్తి తేదీని చూపడం కూడా మానేసింది. ఈ జరుపుడుకు ఒక దుష్ఫలితం ఉంది. జరిపిన చుక్క చెరువు నడుమనో పత్తిచేలోనో పడవచ్చు. ఆ సంగతి తెలియని విద్యార్థి దాన్ని అసలు చోటుగా భావించి పరిశోధన చేస్తే ఫలితం తారుమారవుతుంది.

దాచమనే పక్షానికి గుత్తి సాలీడు గట్టి ఆధారం. ఐయూసీఎన్ 2008లో తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చిన ఈ జీవికి విదేశాల్లో పెంపకందార్ల గిరాకీ ఉంది. దాని ప్రజాతి మొత్తాన్ని 2019లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలోకి తెచ్చారు. చెట్టు తొర్రలో ఉండే సాలీడు ఎక్కడికీ పారిపోలేదు, ఒక్క చుక్క చాలు. 2013లో మధ్యప్రదేశ్‌లో రేడియో కాలర్ ఉన్న పులి జీపీఎస్ వివరాలు వచ్చే ఈమెయిల్ ఖాతాలోకి ఎవరో చొరబడబోయిన ఉదంతం కూడా ఈ పక్షం తరచూ చెప్పేదే.

చూపమనే పక్షానికి కలివికోడి అంతే గట్టి ఆధారం. 2000 తర్వాతి సంవత్సరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక అడుగుల ముద్రలు చదివి, కెమెరాలు పెట్టి, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, ఈ పక్షి ఎలాంటి పొదల్లో తిరుగుతుందో పటం గీశారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల మీదికి వచ్చినప్పుడు ఆ సమాచారమే అడ్డుపడింది, కాలువ దారి మళ్ళింది. ఆ చుక్కలు పరిశోధకుల బీరువాలోనే ఉండి ఉంటే అభ్యంతరం చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు.

రెండు ఉదాహరణలూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి, నిజానికి అవి రెండు వేర్వేరు ముప్పులు. సాలీడుకు ప్రమాదం పట్టుకుపోయే చేతుల నుంచి. కలివికోడికి ప్రమాదం పొక్లెయినర్ల నుంచి. పట్టుకుపోయే ముప్పు ఉన్నప్పుడు చోటును దాచాలి, నేల పోయే ముప్పు ఉన్నప్పుడు చాటాలి. ఎర్రచందనం విషయంలోలా స్మగ్లర్లకు ముందే తెలిసిన చోట్లను పటంలో దాచినందువల్ల తెలియకుండా పోయేది పౌరులకే. కష్టమంతా రెండు ముప్పులూ ఉన్న జీవుల దగ్గర. గూడు మీద ఉన్న డేగలు, గుడ్లగూబల వంటి పక్షుల విషయంలో చోటుకన్నా కాలాన్ని దాచడం, అంటే పిల్లలు ఎగిరిపోయే దాకా నమోదును ఆపి తర్వాత విడుదల చేయడం, మంచి ఉపాయం. పదుల కిలోమీటర్ల గడిలో మసకబార్చడం చిన్న అడవిలో ఉండే జీవికి సరిపోవచ్చు, ఒక్క గుట్టకే పరిమితమైన మొక్కకు మాత్రం గడి ఎంత పెద్దదైనా ఆ గుట్టను తెలిసినవారు పట్టేస్తారు.

ఎవరి సమాచారం

పరిశోధనా సమాచారం వెతకగలిగేదిగా, అందేదిగా, ఇతర సమాచారంతో కలిసేదిగా, మళ్ళీ వాడదగినదిగా ఉండాలన్న ఫెయిర్ సూత్రాలు 2016లో వచ్చాయి. ఆ సూత్రాల్లో ఆ నేల మీద బతికేవారి ఊసు లేదని ఆదివాసీ సమాచార హక్కుల కూటమి 2019లో కేర్ సూత్రాలను ప్రకటించింది. సమాజానికి మేలు, సమాచారం మీద అధికారం, బాధ్యత, నైతికత అన్నవి వీటి మూలస్తంభాలు.

ఈ తగవు తెలుగునాట ఊహాజనితం కాదు. కలివికోడి మళ్ళీ దొరికింది స్థానికులకు దాని ఉనికి తెలుసు కాబట్టి. నల్లమలలో చెంచులు, పెన్నా మెట్టల్లో యానాదులు తరతరాలుగా ఎరిగిన జీవుల చోట్లు పటాల్లోకి వచ్చేసరికి, ఎక్కించిన నగర వీక్షకుడి పేరుతో నమోదవుతాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, దాని కింది నిబంధనలు ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలన్నాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరిని గడువుగా పెట్టాక దేశమంతటా రిజిస్టర్లు హడావుడిగా తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం పేర్ల జాబితాలే తప్ప చోటూ తేదీ ఉన్న నమోదులు కావు. ఊరివారి తెలివిడికీ తెర మీది పటానికీ వంతెన వేయవలసిన పుస్తకం అలా మధ్యలో ఆగిపోయింది.

స్వచ్ఛంద వీక్షకుల హక్కులు మరో పాయ. బ్రిటన్‌లో స్థానిక రికార్డు కేంద్రాలు తమ సమాచారాన్ని కన్సల్టెంట్లకు రుసుము తీసుకుని ఇవ్వడం ఆనవాయితీ. ఎన్‌బీఎన్ అట్లాస్‌లో బాహాటంగా పెడితే ఆ ఆదాయం పోతుందని కొన్ని వెనకాడాయి, మరికొన్ని వ్యాపార వినియోగం కూడదన్న షరతుతో ఇచ్చాయి. మన దేశంలో అలాంటి కేంద్రాలు లేకపోవడంతో ఆ తగవు లేదు. దాని బదులు, మన చెరువుల సమాచారంలో అధికభాగం విదేశీ సంస్థల సర్వర్ల మీద ఉండడం సబబేనా అన్న ప్రశ్న ఉంది. ఆ సంస్థలు సమాచారాన్ని పరిశోధకులకు ఉచితంగా దించుకోనిస్తున్నాయి కాబట్టి ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు. రేపు నిబంధనలు మారవచ్చు కాబట్టి దేశంలో ఆ సమాచారపు నకలునైనా ఉంచాలన్న సూచన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి స్వదేశీ వేదికలకు బలం ఇచ్చేదే.

పక్షాలను పక్కపక్కన పెడితే

నమ్మకం విషయంలో భేదం పద్ధతి మీదే. గణాంకం కావాలనేవారికీ అట్లాస్ కావాలనేవారికీ లక్ష్యం ఒకటే, ఇద్దరూ ఒకరి పని ఇంకొకరు వాడుకుంటున్నారు. వెల్లడి విషయంలో భేదం పదేళ్ళ కిందట సూత్రం మీద ఉండేది, ఇప్పుడు జాతి జాతికీ విడిగా చూడాలన్న దగ్గర చాలామంది కలుస్తున్నారు. హక్కుల విషయంలో మాత్రం దూరం తగ్గలేదు. బాహాటపు విజ్ఞానం అందరిదీ అనేవారికీ, ఆ నేలవారి అనుమతి ముందు అనేవారికీ పునాదులే వేరు. మన దేశంలో ఈ మూడో తగవు మీద జరిగిన పరిశోధన మొదటి రెండింటితో పోలిస్తే చాలా తక్కువ.

ఇంకా తేలనివి

ఒక నమోదు ఎంతకాలం ‘ఇప్పటిది’గా లెక్క అన్నదానికి ఒప్పుకున్న కొలత లేదు. పదేళ్ళు అనేవారున్నారు, జీవి ఆయుష్షును బట్టి అనేవారున్నారు. ఒక ప్రదేశాన్ని ఎన్నిసార్లు వెతికితే అక్కడ లేదని చెప్పవచ్చన్నది కూడా జీవి స్వభావాన్ని బట్టి మారుతుంది. రాత్రిపూట తిరిగి అరుదుగా కూసే కలివికోడి విషయంలో, పగటిపూట పక్షుల జాబితాలు ఎన్ని ఉన్నా అవి లేమికి సాక్ష్యం కావు.

యంత్రం గుర్తించిన నమోదుల సంగతి కొత్త చిక్కు. 2021లో మెర్లిన్ యాప్‌లో వచ్చిన శబ్ద గుర్తింపు వంటి సాధనాలతో, మనిషి చెవి పట్టని కూతలకు కూడా ఫోను పేరు పెడుతోంది. మనిషి స్వయంగా నిర్ధారించుకోకుండా ఆ పేరును నమోదు చేయవద్దని ఈబర్డ్ కోరుతోంది. అడవిలో నెలల తరబడి వదిలిన రికార్డర్లు వేల గంటల శబ్దాన్ని పోగుచేస్తున్నప్పుడు, ప్రతి కూతనూ మనిషి వినడం సాధ్యం కాదు. యంత్రపు నమోదుకు పటం మీద వేరే గుర్తు ఉండాలా, ఎంత ధీమా ఉంటే ఎక్కించాలి అన్నవి ఇప్పుడిప్పుడే చర్చకు వస్తున్నాయి.

పక్షులను దాటితే పటం పలచబడిపోతుంది. సీతాకోకచిలుకలకు, పాములకు కొంత ఉంది. కప్పలు, చేపలు, సాలీళ్ళు, నాచులకు చాలా జిల్లాల్లో చుక్కలు బాగా తక్కువ. దాచిన చోట్ల మీద నిర్ణయం ఎవరిది, ఎన్నేళ్ళకోసారి సమీక్షించాలి, ముప్పు తొలగాక తెర ఎవరు తీయాలి అన్నవాటికి చాలా వేదికల మీద రాతపూర్వక నియమం కనిపించదు. పంచాయతీ రిజిస్టర్లలోని తెలుగు పేర్లు, ఊరి పేర్లు, రుతువుల లెక్కలను నమోదుల రూపానికి ఎలా మార్చాలి, మార్చినప్పుడు ఆ ఊరి కమిటీ అనుమతి ఏ రూపంలో ఉండాలి అన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంకా మొదలుకావలసిన పని.